మూడు స్టార్ల కాగితం

నేను ఇరవై ఏడేళ్లకే రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, గంధం పూయలేదు, నా సేవల గురించి చెప్పడానికి ఎవరూ గొంతు సవరించుకోలేదు. "ఎల్తన్నావా? డస్టరు నీ సంచిలో ఉండిపోయినట్టుంది, సూసుకో," అన్నారు మా ట్యుటోరియల్ కరస్పాండెంటు గారు. చూస్తే నిజంగానే ఉంది. తీసి ఇచ్చాను. వీడ్కోలు సభ అంతటితో ముగిసింది.

మొత్తం నాలుగేళ్ల సర్వీసు. నాలుగేళ్లకే జ్ఞాపకాలేమిటని మీరు అనవచ్చు. ముప్పై ఐదేళ్లు చేసినవాళ్లు రాసుకున్నవి నేను కొన్ని చదివాను. వాటిలో రాసినాయన ఎప్పుడూ తప్పు చేయడు, పై అధికారులే చేస్తారు. నాకున్న పై అధికారి ఒక్కరే. ఆయన లెక్కల సారు కాబట్టి తప్పులు చేయరు. ఆ బాధ్యత కూడా నా మీదే పడింది. కొత్తగా చాక్‌పీసు పట్టుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని, నేను చేసిన వాటిలోకెల్లా పెద్ద తప్పును ఇక్కడ రాస్తున్నాను. చిన్నవి చాలా ఉన్నాయి. వాటికి వేరే పుస్తకం కావాలి.

మాది నర్సీపట్నంలో ఒక మేడ మీద ట్యుటోరియల్. కింద సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం. కింద లారీలోంచి ఊచలు దించే రోజున పైన ఏ పాఠం చెప్పినా వినపడేది కాదు. నా పాఠాల మీద ఫిర్యాదులు రాకపోవడానికి అదొక కారణం కావచ్చు. పైన రెండు గదులు, ముగ్గురు పంతుళ్లు. కరస్పాండెంటు గారివి లెక్కలు, సైన్సు. తెలుగు, సోషల్ ఒక పెద్ద మేడం గారివి. ఎవరూ తీసుకోనిది ఇంగ్లిష్, అది నాది. పదో తరగతి తప్పినవాళ్లు, తప్పబోతున్నవాళ్లు, ఎప్పుడో బడి మానేసి ఇప్పుడు ఓపెన్ స్కూలుకు కట్టినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు.

పరీక్షల నెల వచ్చిందంటే మా మేడ మీద ఒకటే ప్రశ్న: "సార్, ఇంపార్టెంట్లు ఎప్పుడిస్తారు?" ఇంపార్టెంట్లంటే పరీక్షలో వస్తాయని సారు ఊహించే ప్రశ్నలు, ఒకే ఒక్క కాగితం మీద. పుస్తకం ఎంత లావుగా ఉన్నా సరే, చివరికి అందరి నమ్మకమూ ఆ ఒక్క కాగితం మీదే. సారు చిలక జోస్యం చెప్పేవాడిలా ఆలోచించి ఒక్కొక్క ప్రశ్న పక్కన స్టార్లు పెడతాడు. ఒక స్టారుంటే రావచ్చు. రెండుంటే వస్తుంది. మూడుంటే కళ్లు మూసుకుని బట్టీ పట్టెయ్యాలి. మూడు స్టార్లున్న దానికి అర్థం అడగడం మర్యాద కాదు.

ఇది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

నా నాలుగో ఏట, సంక్రాంతి సెలవులయ్యాక, ఓపెన్ స్కూలు బ్యాచ్‌లోకి ఒకావిడ వచ్చారు. వయసు ముప్పై ఆరు. నాతవరం అవతల తాండవ కాలవ కింద ఒక ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. రోజు విడిచి రోజు షేర్ ఆటోలో వచ్చేవారు. మొదటి రోజు ఆవిడ గదిలో అడుగు పెట్టగానే కొత్త మేడం అనుకుని పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"కూకోండి బాబూ. నానూ మీలాటిదాన్నే. ఇంగ్లీసు పోయింది."

ఆ క్షణం నుంచి ఆవిడ అందరికీ అక్క. నాకూ అక్కే.

"ఎన్నిసార్లు పోయిందండీ?" అని అడిగాను. డాక్టరు ఎన్నాళ్లుగా నొప్పి అని అడిగినట్టు.

"రెండుపాల్లు సార్. మిగతా సబ్జెట్లన్నీ పాసే. తెలుగులో డెబ్బై రెండు. ఈ ఇంగ్లీసుకీ నాకే పడట్లేదు."

"ఇప్పుడు పది పాసవ్వాలని ఎందుకనిపించింది?"

"జూన్‌లో మా టీచరమ్మగారు రిటైరైపోతారు సార్. పది పాసైన ఆయా ఉంటే ఆ ఆయానే టీచర్ని సేస్తారు. లేపోతే బయట్నుంచి కొత్త పిల్లొస్తాది."

"వస్తే?"

"వస్తే ఏటుంది? ఏ గుంటడు ఎవరి కొడుకో ఆ పిల్లకి నానే నేర్పాల. ఏ గుంటకి ఏటి పడదో నానే సెప్పాల. అన్నీ సెప్పి, మళ్లీ ఆ పిల్ల టీ తాగిన గ్లాసు నానే కడగాల."

టీచరమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పదకొండేళ్లుగా ఆ సెంటరులో పాటలు, ఆటలు, బరువులు తూయడం, అలిగినవాళ్లను బుజ్జగించడం అన్నీ ఈవిడే చేస్తున్నారు. టీచరు కావడానికి ఆవిడకు తక్కువైంది ఇంగ్లిష్‌లో ముప్పై ఐదు మార్కులు. నాలుగేళ్ల పిల్లలతో ఇంగ్లిష్‌లో ఏం పని అని మీరు అడగవచ్చు. అప్పట్లో నా జీతం ఆ ప్రశ్న అడగకపోవడం మీదే ఆధారపడి ఉండేది.

ఆవిడకు ఒక గొప్ప గుణం ఉంది. వాళ్లది మిషను చర్చి కుటుంబం. చిన్నప్పటి నుంచీ ఆదివారం బడిలో కంఠత వాక్యం అప్పజెప్పిన మనిషి. ఏటా క్రిస్మస్‌కి మొదటి బహుమతి ఆవిడదే. ఇంట్లో పద్నాలుగు స్టీలు గ్లాసులుంటే వాటిలో ఒక్కటీ కొన్నది కాదట. ఒకసారి ఆ తలలోకి వెళ్లిన వాక్యం ఇక బయటకు పోదు. ఇలాంటి విద్యార్థి దొరకడం నా అదృష్టం అనుకున్నాను. అదృష్టాల గురించి నా అంచనాలు ఎప్పుడూ ఇంతే.

ఇక నా కాగితం. ఆ రోజుల్లో నేను ఫోనులో ఏదో వీడియో చూశాను. అందులో మెడకు పలకంత గుర్తింపు కార్డు వేసుకున్న ఒకాయన, "విద్యార్థికి జవాబులు ఇవ్వకండి, వెతుక్కోనివ్వండి" అన్నాడు. నాకు అది బాగా నచ్చింది. జవాబులు ఇవ్వకపోవడంలో శ్రమ తక్కువ. వెంటనే ఒక కాగితం తయారుచేశాను. పై సగంలో లిటరరీ టెర్మ్స్: ఎడమవైపు ఎనిమిది పేర్లు, కుడివైపు ఎనిమిది అర్థాలు, జతపరచడానికి వీలుగా కావాలనే తారుమారు చేసి. కింది సగంలో ఇరవై ఇంగ్లిష్ వాక్యాలు, ఒక్కోదానిలో కావాలనే పెట్టిన ఒక్కో తప్పు, సరిదిద్దడానికి. సరైన జవాబులన్నీ వేరే కాగితం మీద రాసి నా దగ్గరే ఉంచుకున్నాను. గురువారం మొదటి కాగితం ఇవ్వడం, రెండ్రోజులు వాళ్లు బుర్ర గోక్కోవడం, శనివారం నేను రెండో కాగితంతో ప్రత్యక్షమవడం. ఇదీ పథకం.

జతపరచమని గానీ, సరిదిద్దమని గానీ కాగితం మీద రాయలేదు. శనివారం నోటితో చెబుదామనుకున్నాను. రాసింది ఒక్కటే. నెత్తిమీద, లావుగా, మూడు స్టార్లు.

శనివారం నేను రాలేదు. ఎస్. రాయవరంలో క్రికెట్ టోర్నమెంటు, మావాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు. నన్ను ఆల్‌రౌండర్ అని పిలిచారు. ఆ రోజు బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడింటిలోనూ సమానంగా విఫలమై ఆ పేరు నిలబెట్టుకున్నాను. మొదటి బంతికే అవుటు, వికెట్ల వెనక క్యాచ్. కరస్పాండెంటు గారికి జ్వరమని కబురు పంపాను. జవాబుల కాగితం నా సంచిలో ప్యాడ్ల కింద ఉండిపోయింది. సోమవారం వచ్చి లెటర్ రైటింగ్ మొదలుపెట్టాను. నా పథకం నాకే గుర్తులేదు.

పది రోజుల తర్వాత అక్క ఒకసారి అడిగారు. "సార్, మూడు స్టార్ల కాయితం అంతా వచ్చీసింది. అప్పజెప్పమంటారా?"

"పరీక్షకి ముందు రోజు చూద్దాం లెండి," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు బల్లి పలికిందనో, చాక్‌పీసు విరిగిందనో రాస్తే బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పరీక్షకు ముందు రోజు వచ్చింది. మా ట్యుటోరియల్లో ఆ ఉదయం ఒక పద్ధతి ఉంది. హాల్‌టికెట్లన్నీ పోగుచేసి కరస్పాండెంటు గారు దేవుడి పటాల ముందు పెట్టి కొబ్బరికాయ కొడతారు. అక్క కూడా తన హాల్‌టికెట్టు ఇచ్చారు. ఆవిడ పెన్నుకు అప్పటికే ఆదివారం నాడు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేసి ఉన్నారు. పై నుంచి రావలసిన అనుమతులన్నీ రెండు వైపుల నుంచీ వచ్చేశాయి. కింద ఇంగ్లిష్ సారు దగ్గరే ఫైలు పెండింగులో ఉంది.

కొబ్బరిముక్క నములుతూ, "ఇక కానివ్వండక్కా," అన్నాను.

ఆవిడ లేచి, చేతులు కట్టుకుని, నా తల మీదుగా గోడకేసి చూస్తూ మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌లోనే చెప్పారు. మీకోసం అర్థం తెలుగులో రాస్తున్నాను.

"సిమిలి: ప్రాణం లేని వాటికి మనుషుల గుణాలు అంటగట్టుట."

తడబడ్డారేమో అనుకున్నాను.

"మెటఫర్: ఉన్నదానికన్నా ఎంతో ఎక్కువ చేసి చెప్పుట. పర్సనిఫికేషన్: ఒకే శబ్దం పదే పదే వచ్చుట. హైపర్‌బోలి: ఒకదాన్ని ఇంకోదానిలాగా ఉందని పోల్చుట. ఆలిటరేషన్: లాగా అనకుండా, ఇదే అది అని చెప్పుట..."

నా నోట్లో కొబ్బరి ఆగిపోయింది. నేను తారుమారు చేసిన ఎనిమిదింటినీ, కాగితం మీద ఏది దేనికి ఎదురుగా ఉందో సరిగ్గా అలాగే, అడ్డంగా చదివి నేర్చేసుకున్నారు. ఆపమందామనుకునేలోగా వాక్యాల్లోకి వెళ్లిపోయారు. "మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్. షి గో టు మార్కెట్ ఎవ్రీడే..." నేను పెట్టిన ఇరవై తప్పులూ, ఒక్కటి జారిపోకుండా, గుక్క తిప్పుకోకుండా. అంత చక్కగా నా తప్పులు నాకు ఎవరూ అప్పజెప్పలేదు.

పక్కగది గుమ్మంలో నిలబడి వింటున్న తెలుగు మేడం గారు చప్పట్లు కొట్టారు. "ఎంత ధారణమ్మా నీది! ఒక్క మాట తొట్రుపడలేదు!"

నేను మిగతావాళ్లకేసి తిరిగాను. "మీరందరూ కూడా ఇలాగే నేర్చుకున్నారా?"

వెనక బెంచీలోంచి ఒకడు, "ఆ కాయితం ఇంకా మొదలెట్టలేదు సార్," అన్నాడు. ఇంకొకడు పుస్తకంలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాడట. ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరూ చదవలేదు. విద్యార్థులు చదవలేదని నేను అంత సంతోషించిన రోజు నా సర్వీసులో మరొకటి లేదు. వాళ్లకు నష్టం లేదు. చెప్పినమాట విని కష్టపడి చదివిన ఒక్క మనిషికే ముప్పు వచ్చింది.

"అక్కా, కూర్చోండి," అన్నాను. ఆవిడ కూర్చోలేదు. నేనే కూర్చున్నాను.

"ఈ కాగితంలో ఉన్నవన్నీ తప్పులండీ."

"ఏటి సార్?"

"సరిదిద్దమని నేనే కావాలని పెట్టాను. పైవి తారుమారు చేశాను, మీరు జతపరచాలని. జవాబులు వేరే కాగితంలో ఉన్నాయి."

"మరి ఆ కాయితం ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"ఏం?"

"ఆ శనివారం ఇద్దామనుకున్నాను. నాకు... జ్వరం వచ్చింది."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. "జొరం," అన్నారు. అడగడం కాదు. గ్రోత్ చార్టులో బిడ్డ బరువు రాసుకున్నట్టు అన్నారు.

కరస్పాండెంటు గారు అంతా విని గడ్డం గోక్కున్నారు. "ఒకపని సెయ్యి. నేర్చుకున్నదంతా మర్సిపొమ్మని సెప్పు," అన్నారు. లెక్కల వాళ్లకు అన్నీ ఇలాగే తోస్తాయి. ప్లస్సు పెట్టినచోట మైనస్సు పెడితే సరి.

అక్క ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లిపోయారు. అటు తిరిగి నిలబడ్డారు. వెనక నుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. లేచి వెళ్లాను. దగ్గరికి వెళ్తే వినపడింది, నవ్వుతూ మాట్లాడుతున్నారు.

"...టీచరమ్మగారూ, గుడ్లు ఇరవై రెండే ఉడకబెట్టించండి. ఆ డ్రమ్ము పిల్లకి సొన పెట్టొద్దు, కక్కీసుద్ది. నాను సాయంత్రం దాకా రాలేను. ఆఁ, ఇంగ్లీసుకి జొరమొచ్చింది."

ఫోను పెట్టేసి నాకేసి తిరిగారు. అప్పుడు మాత్రం నవ్వలేదు. "సార్, ఇది మూడోపాలి. నాలుగోపాలి రాసుకోవచ్చు, రాయనిస్తారు. కానీ ఆపాటికి నా కుర్చీలో వేరే మనిషుంటాది."

నాకు జోకులు బాగానే వస్తాయి. అప్పుడు ఒక్కటీ రాలేదు.

"మర్సిపొమ్మంటే నా వల్ల కాదు సార్," అన్నారు, మళ్లీ లోపలికి వస్తూ. "నా బుర్రలో పడింది పోదు. మా సెంటర్లో ఒకపాలి పెద్ద వాన. తల్లులందరూ గోనెలు కప్పుకుని వచ్చీసేరు. ఎవరు ఎవరో కనిపించి సావలేదు. ఇద్దరు గుంటల్ని ఒకళ్ల బదులు ఇంకొకళ్లకి అప్పజెప్పీసేను. తరవాతేటి సేసాం? గుంటల్ని మర్సిపోలేం గదా. మళ్లీ పిలిసి, ఎవరి తల్లికి వాళ్లని ఇచ్చీసాం. ఇదీ అంతే. ఆ కాయితం ఇలాగివ్వండి."

జవాబుల కాగితం ఇంకా నా సంచిలోనే, ప్యాడ్ల కింద ఉంది. తీసి ఇచ్చాను. దాని మీద మట్టి మరక ఉంది. ఆవిడ ఆ మరకను గోటితో గీకి చదువుకోవడం మొదలుపెట్టారు.

చీటీలు చింపాం. ఎనిమిది చీటీల మీద పేర్లు, ఎనిమిదింటి మీద అర్థాలు. పేర్లు పిల్లలు, అర్థాలు తల్లులు. బెంచీ మీద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు ఆవిడ.

"సిమిలి అంటే ఏటన్నారు?"

"ఒకదాన్ని ఇంకోదానిలాగా అని పోల్చడం."

"అయితే మా సెంటర్లో ‘అక్కలాగ’ పిల్ల. దానికి జడ అక్కలాగ వెయ్యాల, అన్నం అక్కలాగ కలపాల. మరి మెటఫరు?"

"లాగా అనకూడదు. ఇదే అది అనెయ్యాలి."

"ఆడు బస్సు గుంటడు! నోటితో హారన్ కొట్టుకుంటా సెంటరంతా తిరుగుతాడు. ‘బస్సులాగ ఎల్తన్నావేట్రా’ అంటే ఏడుపు. ‘లాగ కాదు, నానే బస్సు’ అంటాడు."

వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకు వచ్చేశారు. మంచినీళ్ల డ్రమ్ముకు జ్వరమని తడిగుడ్డ వేసి, దానితో కబుర్లు చెప్పే పిల్ల పర్సనిఫికేషన్ అయింది. ఇందాక ఫోనులో విన్నది ఈ పిల్ల గురించే. చీమ కుడితే పాము కరిచిందని ఊరంతా పోగుచేసేవాడు హైపర్‌బోలి. పకారం దొరికితే ‘పప్పు పాప పెద్ద పప్పు’ అని పొద్దుపోయేదాకా వదలనివాడు ఆలిటరేషన్. మిగతా మూడింటికీ కూడా అదే సెంటర్లో పిల్లలు దొరికారు. ఆ ఊరి అంగన్‌వాడీలో అలంకారశాస్త్రం మొత్తం గుడ్లు తింటూ పెరుగుతోందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

తెలుగు మేడం గారు గుమ్మంలోంచి అన్నారు, "ఇవన్నీ మన ఉపమ, రూపకం, అతిశయోక్తులే కదయ్యా? ఈ అమ్మాయికి అవి కొట్టినపిండి. డెబ్బై రెండు ఊరికే వచ్చాయా? నన్ను అడిగుంటే మొదటి రోజే చెప్పేదాన్ని."

నిజమే. మా రెండు గదుల మధ్య ఒక్క ఇటుక గోడే ఉంది. నాలుగేళ్లుగా అటు ఉపమ, ఇటు సిమిలి పక్కపక్క వాటాల్లో కాపురం చేశాయి. ఒక్కసారీ పలకరించుకోలేదు. పలకరించేలా చేయాల్సిన వాళ్లిద్దరం మధ్యాహ్నాలు ఒకే క్యారేజీలో పచ్చడి పంచుకునేవాళ్లం.

వాక్యాలు ఇంకా కష్టం. ఇరవైకి ఇరవై, తప్పుతో సహా, పాటలాగా ఆవిడ నాలుకమీద కూర్చున్నాయి. వాటికీ ఆవిడే దారి కనిపెట్టారు. సెంటర్లో పిల్లలకు పాట నేర్పేటప్పుడు ఫలానా మాట దగ్గర చప్పట్టు అని నేర్పుతారు కదా, అలాగే. తప్పు వాక్యాన్ని తప్పుగానే చదవాలి. తప్పు మాట రాగానే చప్పట్టు కొట్టాలి. ఆగి, సరైన మాట చెప్పాలి. "మై ఫాదర్ ఆర్" - చప్పట్టు - "ఈజ్ ఎ ఫార్మర్." మొదటి రౌండు నేను వేలు చూపించాను. రెండో రౌండు చూసి చూడనట్టు ఊరుకున్నాను. నాలుగో రౌండుకు వచ్చేసరికి మాటకన్నా ముందే ఆవిడ చేతులు లేస్తున్నాయి. గదిలో ఇరవై ఎనిమిది మందీ కలిసి చప్పట్లు. కింద ఇనుప దుకాణం గుమస్తా పైకి వచ్చి, "భజనేటండీ?" అని అడిగి, కొబ్బరిముక్క తీసుకుని వెళ్లాడు.

సాయంత్రం చివరి ఆటోకు ఆవిడను ఎక్కించాక కరస్పాండెంటు గారు నా పక్కన నిలబడి అన్నారు, "నువ్వు సంవత్సరమంతా సెప్పినదానికంటే ఈ ఒక్కపూటా బాగా సెప్పావయ్యా."

"నేను చెప్పలేదండీ."

"అందుకే అంటన్నాను."

మర్నాడు పరీక్ష. హైస్కూలు గేటు బయట వాటర్ బాటిల్ పట్టుకుని నిలబడ్డాను. పెళ్లాం ప్రసవానికి ఆస్పత్రి వరండాలో తిరిగినట్టు తిరిగానని రాద్దామనుకున్నాను. కానీ నిజానికి ఎదురుగా చెరుకురసం బండి దగ్గర రెండు గ్లాసులు తాగాను. భయంవేస్తే నాకు దాహం ఎక్కువ.

గంట కొట్టాక అక్క తాపీగా వచ్చారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"జతపరచుము ఐదడిగారు సార్. ఐదుగురినీ ఎవరింటికి వాళ్లని పంపించీసేను. డ్రమ్ము పిల్ల దగ్గర కాస్త ఆలస్యమైంది. ఆళ్లమ్మ ఎప్పుడూ అంతే, బేగి రాదు."

"మరి వాక్యాలు?"

"మీ కాయితంలోది ఒక్కటీ రాలేదు."

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"ఏటలా అయిపోతన్నారు? ఆగండి. వేరేవే ఇచ్చారు, గానీ తప్పు దగ్గరికి రాగానే సెయ్యి దానంతటదే లెగిసిపోతంది. ఒకపాలి నిజంగానే సప్పట్టు పడిపోయింది. హాలంతా నాకేసి సూసింది. ఆ డ్యూటీ సారొచ్చి ‘ఏటమ్మా?’ అన్నారు. ‘దోమ సార్’ అన్నాను. ‘సచ్చిందా?’ అన్నారు. ‘సచ్చింది సార్, రాసీసుకున్నాను’ అన్నాను."

ఫలితాలు వచ్చిన రోజు ఆవిడే ఫోను చేశారు. నలభై మూడు. అవతల ఎవరో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "ఉండండి సార్, పాము కరిసిందంట," అని పెట్టేశారు. అభినందన సందేశం సిద్ధంగా పెట్టుకున్నాను. నా దగ్గరే మిగిలిపోయింది.

ఆ ఏడాదే నేను ‘రిటైర్’ అయ్యాను. పశ్చాత్తాపంతో కాదు. మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం వచ్చింది, దానితోపాటు బండి వచ్చింది. ఇప్పుడు కొయ్యూరు కొండల నుంచి తాండవ కాలవ దాకా డాక్టర్ల గుమ్మాల ముందు సంచి పట్టుకుని కూర్చుంటాను. పిల్లలు నన్ను చూసి లేచి నిలబడరు. సూది వేస్తాననుకుని పరిగెడతారు.

మొన్న వానాకాలంలో అటువైపు వెళ్లినప్పుడు దారిలో అక్క సెంటరు కనిపించింది. ఆగాను. టీచరు కుర్చీ గోడవారగా ఉంది, దాని మీద బరువు తూచే మిషను పెట్టారు. టీచరుగారు మాత్రం కింద చాప మీద పిల్లల మధ్య కూర్చుని ఉన్నారు. ఏ కుర్చీ కోసం అంత చప్పట్లు కొట్టామో ఆ కుర్చీలో ఆవిడ కూర్చోరట.

"కుర్సీలో కూకుంటే గుంటలు కనిపించరు సార్," అన్నారు. ఇంతలో ఒకడు హారన్ కొట్టుకుంటూ మా మధ్యలోంచి దూసుకుపోయాడు. "ఈడే సార్ మెటఫరు. వచ్చే ఏడు బడికెళ్లిపోతాడు. కొత్త మెటఫర్ని ఎతుక్కోవాల."

వంటగది గుమ్మంలో ఒక అమ్మాయి కూర్చుని కళ్లు మూసుకుని ఏదో వల్లెవేస్తోంది. కొత్త ఆయా. తొమ్మిదితో ఆపేసిందట, అక్క పట్టుబట్టి పదికి కట్టించారట. ఆ అమ్మాయి ఒళ్లో ఒక కాగితం ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను. నెత్తిమీద లావుగా మూడు స్టార్లు.

"సిమిలి," అంటోంది ఆ అమ్మాయి, "ప్రాణం లేని వాటికి మనుషుల గుణాలు..."

"అక్కా!" అన్నాను. "అది తప్పుల కాగితం!"

"అవును సార్. జవాబులది దాసీసేను, గుడ్ల ట్రే కింద. పరీక్షకి ముందు రోజు ఇస్తాను." నన్ను విద్యాశాఖ మంత్రిని చూసినట్టు గౌరవంగా చూశారు. "మీ పద్ధతే గదా సార్. ముందు తప్పులన్నీ గట్టిగా రానీసి, తరవాత ఒక్కపూటలో తిప్పీడం. నాకలగే గదా వచ్చింది."

నాలుగేళ్లలో నా బోధనను పద్ధతి అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఒక్క నిమిషం అలాగే ఉంచుకుందామనిపించింది. కానీ ఆ అమ్మాయి మెటఫర్ దగ్గరికి వచ్చేసింది.

"అక్కా, అది పద్ధతి కాదండీ. ఆ శనివారం నాకు జ్వరం రాలేదు. క్రికెట్టుకి వెళ్లాను. జవాబుల కాగితం మర్చిపోయాను. అంతే."

అక్క ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పక్కనున్న పిల్లకు ముక్కు తుడిచారు.

"తెలుసు సార్. ఆరోజు అవతలోళ్లకి కీపింగు మా మరిదే. మొదటి బంతికే గదా?"

"మరి ఆరోజు నేను జ్వరమన్నప్పుడు ఎందుకు ఊరుకున్నారు?"

"అంటే మీరు సిగ్గుపడిపోదురు. సిగ్గుపడిపోయిన సారు పాఠమేటి సెప్తాడు? నాకా ఒక్కపూటే ఉంది."

ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లి, గుడ్ల ట్రే ఎత్తి, మట్టి మరకున్న ఆ కాగితం తీసి ఆయా ఒళ్లో పడేశారు. "ఇదిగోవే, సారొచ్చి బతిమాలుతున్నారు, ఇప్పుడే తీసుకో."

నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. వెనక నుంచి గట్టిగా హారన్ వినపడింది. బస్సు వచ్చింది. పక్కకు తప్పుకున్నాను.